ఆవచెక్క వేరు, కనోలా పిండి వేరు



ఆవకాయ పెట్టు దినములలో ఆవపిండి తడిసినప్పుడు ముక్కునకెక్కు ఘాటు మీలో ఎరుగనివారుండరు. ఈ పూట నా ప్రసంగమునకు మూలము ఆ ఘాటే. మనకు రుచియైన ఆ వస్తువు కోడికి మేతయైనప్పుడు ఏమగునో, దానిని గింజలోనుండి తొలగించుటకు దూరదేశమున కొందరు ఎన్ని యేండ్లు పాటుపడిరో, ఆ సంగతి తెలియక నేనెట్లు నష్టపోతినో మీకు విన్నవించెదను.

ఆవజాతికి చెందిన కనోలా యను గింజ యొకటి కలదు. అది కెనడా దేశపు పడమటి మైదానములలో విరివిగా పండును. నూనె తీసిన పిమ్మట మిగులు పిండిని అచ్చటివారు కోళ్లకును, పందులకును, పాడిపశువులకును మేతలో కలిపి పెట్టుచున్నారు. మాంసకృత్తుల కొరకు పశువులకు పెట్టు పిండ్లలో ప్రపంచమున సోయా పిండి మొదటిది. ఈ జాతి పిండి రెండవది. మన తెలుగుదేశమున కోళ్లశాలల వారందరును సోయానే నమ్ముకొని యున్నారు. ఒకే స్తంభముపై నిలిచిన యిల్లువలె, సోయా ధర కదలినప్పుడెల్ల మన వ్యాపారము కదలును.

2021వ సంవత్సరమున అట్లే కదలినది. సోయా పిండి ధర ఎంత మండినదనగా, ఆ యేటి ఆగస్టు మాసమున కేంద్ర ప్రభుత్వము 12 లక్షల టన్నుల సోయా పిండిని విదేశములనుండి తెప్పించుకొనుటకు అనుమతి నీయవలసి వచ్చినది. నాకు తణుకు ప్రాంతమున చిన్న కోళ్లశాల కలదు. లక్షల కోళ్లు పెంచువారి శాలలయెదుట నాది పిచ్చుకగూడు. ఆనాడు నాయొద్ద 200 కోళ్లుండెను. అన్నియు గోధుమరంగు గ్రుడ్లు పెట్టునవి. రంగుగ్రుడ్లకు మా ప్రాంతమున తెల్లగ్రుడ్లకంటె రెండు రూపాయలు ఎక్కువ పలుకును.

కెనడాలో సోయాకు బదులు కనోలా పిండి పెట్టుచున్నారనియు, అది ఆవజాతి గింజయే యనియు నేనొక పత్రికలో చదివితిని. చదివిన దానిలో సగమే మనసున నిలుపుకొనుట నాకు చిన్ననాటినుండి గల దోషము. ఆవజాతి అయినచో ఆవచెక్క ఏమి, కనోలా పిండి ఏమి యనుకొని, చవుకగా దొరకిన గానుగ ఆవచెక్కను రెండు బస్తాలు తెచ్చి, నూరు కిలోల మేతకు 15 కిలోల వంతున కలిపితిని. సోయాను అంతమేర తగ్గించితిని. ఆ రాత్రి లెక్కపుస్తకము ముందు పెట్టుకొని, మిగిలిన సొమ్ము చూచుకొని సంతోషించిన మాట దాచను.

మొదటి రెండు దినములు కోళ్లు తొట్టివంక చూచి మొగము త్రిప్పుకొనినవి. ఆకలికి తాళలేక పిమ్మట తినినవిగాని, మునుపటంత తినలేదు. వారము గడచుసరికి గ్రుడ్లు తగ్గినవి. అంతవరకైనను ఓర్చుకొనియుందును. పదవ దినమున మా వీధి చివరనుండు పెద్దమ్మ గ్రుడ్ల గిన్నెతో మా అరుగుమీదికి వచ్చి, "ఏమి నాయనా, గ్రుడ్లు చేపలబుట్టలో పెట్టి తెచ్చినావా?" యని అడిగినది. పగులగొట్టి చూచితిని. నిజముగా ఎండుచేపల వాసన! విచిత్రమేమనగా అన్ని గ్రుడ్లును అట్లు లేవు. పదింట రెండో మూడో మాత్రమే కంపుకొట్టుచుండెను. ఒకే శాల, ఒకే తొట్టి, ఒకే నీరు. కొన్ని కోళ్లు నేరము చేసినట్లును కొన్ని చేయనట్లును ఉండెను.

చెక్క మానిపితిని. వాసన పోవుటకు రెండు వారములు పట్టినది; పోయిన వాడుకదారులు తిరిగి వచ్చుటకు ఆరు నెలలు పట్టినది. అప్పుడు కూర్చుండి, తెలిసినవారిని అడిగి, చదువవలసినది ఈసారి పూర్తిగా చదివితిని.

ఆవగింజలో గ్లూకోసినోలేట్లు అను పదార్థములు కలవు. అదే గింజలో వేరొక అరలో, వానిని విడగొట్టు ఎంజైమను జీవరసము కలదు. గింజ గింజగా నున్నంతవరకు ఈ రెండును కలిసికొనవు. నలిగి తడిసినప్పుడు కలిసికొనును. వెంటనే ఘాటు పుట్టును. పురుగునుండి తన్ను కాపాడుకొనుటకు మొక్క చేసికొనిన యేర్పాటు ఇది. మనము పచ్చడిలో చిటికెడు తిని కండ్లనీళ్లు తుడుచుకొని ఆనందింతుము. కోడికో, అది దినదినము కడుపునిండ పెట్టు మేత. ఆ పదార్థములు విరిగినప్పుడు పుట్టు వస్తువులు కొన్ని మెడలోని థైరాయిడు గ్రంథిని తమపని చేయనీయవు. గ్రంథి ఉబ్బును, ఎదుగుదల తగ్గును, గ్రుడ్లు తగ్గును. పెట్టలకు కాలేయములో నెత్తురు చిమ్మి చచ్చుటయు పూర్వము ఈ జాతిచెక్కలు ఎక్కువగా మేపిన శాలలలో చూచినదే.

కెనడావారి గింజయు మొదట ఇట్టిదే. ఇది మీరు గమనింపవలసిన సంగతి. రెండవ ప్రపంచయుద్ధకాలమున వారు ఈ పంటను వేసినది తినుటకు కాదు, ఓడల యంత్రములకు! ఆవిరియు నీరును తగులు ఇనుముమీద ఈ జాతినూనె ఇతర నూనెలకంటె గట్టిగా అంటుకొని యుండును. యుద్ధమువలన ఐరోపా, ఆసియాల నుండి సరఫరా నిలిచిపోగా 1942-43 ప్రాంతమున కెనడా ప్రభుత్వము రైతులచేత దానిని పండింపజేసినది. యుద్ధము ముగిసెను, ఆవిరి ఓడలు పోయి డీజిలు ఓడలు వచ్చెను. పంట ఉన్నది, కొనువాడు లేడు. ఇట్టి దురవస్థ మన మిర్చి, పొగాకు రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

తినుటకు పనికివచ్చునట్లు చేయుటకు రెండు అడ్డంకులుండెను. నూనెలో ఎరూసిక్ ఆమ్లము నూటికి 40 పాళ్ల వరకు ఉండెను. దానిని ఎక్కువగా మేపిన ఎలుకల గుండెలకు చెరుపు జరిగినట్లు పరీక్షలలో తేలినది. పిండిలోనో, పైన చెప్పిన ఘాటు పదార్థములు. మానిటోబా విశ్వవిద్యాలయమున బాల్డర్ స్టెఫాన్సన్ అను ఆయనయు, సస్కటూన్ నగరమున కీత్ డౌనీ అను ఆయనయు ఈ రెంటిని తొలగించుటకు పూనుకొనిరి. మందు కలిపియో, కడిగియో కాదు. తరతరముల గింజలను ఏరి, సంకరము చేసి.

ఆ యేరుటలో డౌనీ వాడిన ఉపాయము వినిన మీరును మెచ్చుకొందురు. ఒక గింజలోని నూనె ఎట్టిదో తెలియవలెనన్న దానిని నలుపవలెను; నలిపిన గింజ మొలవదు. మంచి గింజ యని తెలియునప్పటికే అది లేకుండ పోవును. ఆయన ఆ చిన్నగింజను నానబెట్టి, రెండు పప్పులలో వెలుపలి పప్పును మాత్రము సూక్ష్మముగా కోసి తీసి పరీక్షకు పంపెను. మొలకతో కూడిన మిగత సగమును కుండీలో నాటెను. పరీక్షలో మంచిదని తేలిన గింజ అప్పటికే మొక్కయై ఎదురుగా నిలిచియుండును. ఆవగింజలో సగముతో దేశపు వ్యవసాయమును మార్చినారనిన అతిశయోక్తి కాదు.

ఎరూసిక్ ఆమ్లము తక్కువగా గల లక్షణము జర్మనీ దేశపు లిహో అను రకములో దొరకినది. ఘాటు తక్కువగా నుండు లక్షణము పోలండు దేశపు బ్రొనొవ్‌స్కీ అను రకములో దొరకినది. ఈ రెండు గుణములును కలిసిన మొదటి రకమును 1974లో స్టెఫాన్సన్ 'టవర్' అను పేరుతో విడుదల చేసెను. పాతపేరు వినిన కొనువారు జంకుదురని 1978లో ఇట్టి గింజలకు 'కనోలా' యని క్రొత్తపేరు పెట్టిరి. ఆ పేరు చెప్పవలెనన్న నూనెలో ఎరూసిక్ ఆమ్లము నూటికి 2 పాళ్లకు లోపల నుండవలెను. నూనె తీసిన పిండిలో ఘాటు పదార్థములు గ్రాముకు 30 మైక్రోమోలులకు లోపల నుండవలెను. మైక్రోమోలనగా శాస్త్రజ్ఞుల కొలత. దాని అర్థముతో మనకు పనిలేదు, అంకెలు పోల్చుకొనిన చాలును. మన ఆవచెక్కలో ఆ కొలత సాధారణముగా నూరు దాటియుండును. నేటి కెనడా పిండిలో నాలుగు ప్రాంతమున నుండును. నేను నా కోళ్లకు చేసిన అపచారము ఈ రెండంకెల నడుమ నున్నది.

గింజ మారినంతమాత్రమున పని ముగియలేదు. మిల్లులో గింజను మొదట వేడిచేసి ఆ విడగొట్టు ఎంజైమును చంపుదురు. పిమ్మట మరలలో నొక్కి, మిగిలిన నూనెను ద్రావకముతో లాగి, తుదకు ఆ ద్రావకము పోవునట్లు పిండిని ఆవిరితో వేచుదురు. వేడి చాలనిచో విషము మిగులును. ఎక్కువైనచో, మాడిన అన్నము కడుపు నింపునుగాని బలమీయనట్లు, పిండిలోని మాంసకృత్తులు, అందును లైసిను అనునది, కోడికి అరుగకుండ పోవును. నల్లబడిన పిండి ఏ జాతిదైనను నేను ముట్టను.

ఇప్పుడు లెక్కకు వత్తము. మన రైతులు, నాతో సహా, పొరబడునది ఇచ్చటనే.

సోయా పిండిలో నూటికి 46 పాళ్లు మాంసకృత్తులును, కనోలా పిండిలో 36 పాళ్లును ఉన్నవనుకొనుడు. నూరు కిలోల మేతలోనుండి 10 కిలోల సోయా తీసినచో 4.6 కిలోల మాంసకృత్తులు పోవును. అవి తిరిగి రావలెనన్న కనోలా పిండి దాదాపు 12.8 కిలోలు కావలెను. పదికి పది కలిపినవాడు అక్కడనే నష్టపడెను. పోనీ 12.8 కిలోలే పెట్టుదమన్న, అదనపు 2.8 కిలోలకు చోటెక్కడిది? మొక్కజొన్నను తగ్గింపవలెను. మొక్కజొన్న కిలోకు 3,350 కిలోకాలరీల శక్తి నిచ్చును. సోయా 2,400 ఇచ్చును. కనోలా పిండి 2,000 మాత్రమే యిచ్చును, ఏలయన దాని పొట్టులో పీచు మెండు. ఆ లోటు పూడ్చుటకు నూరు కిలోల మేతకు కిలో మొదలు కిలోన్నర వరకు నూనె కలుపవలసి వచ్చును. నూనె ఖరీదు లెక్కలో వేసికొననివాడు తన్ను తానే మోసపుచ్చుకొనును.

ఇంతకంటె సూక్ష్మమైనది మరియొకటి కలదు. మాంసకృత్తులనునవి ఒకే వస్తువు కావు. అమైనో ఆమ్లములను అనేక భాగములతో కట్టినవి. పందిరి వేయువానికి తాటాకులు బండెడున్నను రాటలు రెండే యున్నచో పందిరి నిలువదు గదా. కోడికి లైసిను, మెథియోనిను అనునవి రాటలవంటివి. పై లెక్కలోని 10 కిలోల సోయాలో లైసిను సుమారు 290 గ్రాములు, 12.8 కిలోల కనోలా పిండిలో సుమారు 256. అందును సోయా లైసినులో నూటికి 90 పాళ్లు అరుగగా, కనోలాలో 80 పాళ్లే అరుగును. అనగా కోడికి వంటబట్టునది 261కి బదులు 205 గ్రాములు. మాంసకృత్తుల అంకె సమానముగా కనబడుచునే యుండును. కోడి మాత్రము తగ్గుచుండును. అంగడిలో దొరకు లైసిను పొడి 70 గ్రాములు కలిపినచో ఆ లోటు తీరును. మెథియోనిను విషయములో మాత్రము కనోలాయే గొప్పది. 62 గ్రాములకు బదులు 90 గ్రాముల వరకు వచ్చును. కావుననే ఈ రెండు పిండ్లు ఒకదానికొకటి శత్రువులు కావు. కలిపి వాడినచో ఒకదాని కొరత మరియొకటి తీర్చును.

ఈ లెక్కలన్నియు కూడి చూచిన, సోయా పిండి నూరు రూపాయలైనచో కనోలా పిండికి డెబ్బది రూపాయలకు మించి యిచ్చుట దండుగ యని నా తీర్మానము. ధర తక్కువ యన్నంతనే చవుక కాదు.

ఇక చేపవాసన సంగతి. మా పెద్దమ్మ గ్రుడ్లలోని కంపునకు కారణము ఘాటు పదార్థములొక్కటే కాదు. ఆవజాతి గింజలలో సినాపిన్ అను మరియొక వస్తువు కలదు. కోడి ప్రేగులలోని సూక్ష్మజీవులు దానినుండి ట్రైమిథైలమైన్ అను వాయువును పుట్టించును. ఎండుచేపల వాసన దానిదే. సామాన్యముగా కోడి కాలేయము ఆ వాయువును వాసనలేని వస్తువుగా మార్చివేయును. కాని గోధుమరంగు గ్రుడ్లు పెట్టు కొన్ని వంశములలో ఆ పని చేయు ఎంజైమునకు పుట్టుకతోనే లోపము కలదు. అట్టి కోడియందు ఆ వాయువు గ్రుడ్డులోనికి చేరును. తెల్లగ్రుడ్ల లెగ్‌హారన్ జాతికి ఈ బాధ లేదు. ఒకే తొట్టిలో తినిన నా కోళ్లలో కొన్ని మాత్రమే దోషులైన రహస్యమిది. తప్పు మేతలో సగము, వంశములో సగము. ఆవచెక్కలోని ఘాటు పదార్థములు బలహీనమైన ఆ ఎంజైమును ఇంకను అణచి, కంపును హెచ్చించును.

కనోలా గింజలో ఘాటు పోయినను సినాపిన్ పోలేదు. కావుననే కెనడాలో చిరకాలము గోధుమరంగు గ్రుడ్ల కోళ్లకు ఈ పిండిని నూటికి మూడు పాళ్లకు మించనీయక, తెల్లగ్రుడ్ల కోళ్లకు పది వరకు పెట్టుచుండిరి. 2005లో పరిశోధకులు ఆ లోపమునకు కారణమైన జన్యువును గుర్తించిరి; పిమ్మట కోళ్ల పెంపకపు సంస్థలు ఆ లోపము గల వంశములను ఏరివేయసాగెను. మొదట గింజను మార్చిరి, తరువాత కోడిని మార్చిరి. అరుగునట్టి అమైనో ఆమ్లముల లెక్క సరిచూచి కలిపినచో, నేడు పెట్టలకు నూటికి 20 పాళ్ల వరకును కనోలా పిండి పెట్టి నష్టములేకుండ గ్రుడ్లు తీసిన పరీక్షలు కలవు. పసిపిల్లలకు మాత్రము తక్కువతో మొదలుపెట్టుట అచ్చటను వాడుకయే.

మరి మనమాట? మన బజారులో దొరకునది చాలవరకు ఉత్తరదేశపు ఆవచెక్కయే. దానికి కనోలా లెక్కలు వర్తింపవు. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థవారు 2016-17 ప్రాంతమున కనోలా గుణములు గల మొదటి భారతీయ ఆవరకమును, పూసా మస్టర్డ్ 31 అనుదానిని, వెలువరించిరి. అట్టి గింజల పిండి విడిగా, కలగలుపు లేకుండ మన మిల్లులకు వచ్చు దినమున ఈ ప్రసంగమును మరల వ్రాయవలసి యుండును. అంతవరకు ఆవచెక్కను కొనువారు, అది గానుగదా, ద్రావకముతో నూనె తీసినదా యని మొదట అడుగుడు. గుప్పెడు చెక్కను గోరువెచ్చని నీటిలో కలిపి, మూతవేసి, పావుగంటకు తీసి వాసన చూడుడు. సలసల కాగు నీరు పోయకుడు. ఎంజైము చచ్చి ఘాటు దాగిపోవును. ముక్కునకెక్కినచో ఆ చెక్క కోళ్లకు తగదు. ఘాటు లేకున్నంత మాత్రమున నిర్భయమని చెప్పజాలను, ఏలయన వేడిచేసిన పిండిలో ఎంజైము చచ్చినను అసలు పదార్థము మిగిలియుండవచ్చును. దానిని కోడి ప్రేగులలోని సూక్ష్మజీవులు విడగొట్టగలవు. అడుగున ఇసుక పేరినదేమో కూడ అప్పుడే చూచుకొనవచ్చును.

నేనైతే తెల్లగ్రుడ్ల పెట్టలకు ఆవపిండిని నూటికి అయిదు దాటనీయను. పిల్లలకు అసలు పెట్టను. రంగుగ్రుడ్ల కోళ్లకు పెట్టదలచినవారు, రాజేంద్రనగరము సంస్థవారి వనరాజ, గ్రామప్రియ కోళ్లను పెరటిలో పెంచువారును, మొదట పది కోళ్లను వేరుచేసి మూడు వారములు మేపి, ప్రతిదినము గ్రుడ్లు పగులగొట్టి ముక్కుతో పరీక్షింపుడు. పది కోళ్లతో పోవునది పదికోళ్ల నష్టమే.

నా శాలలో ఇప్పుడు మరల సోయాయే ఎక్కువపాలు. మా పెద్దమ్మ గ్రుడ్లు మాయొద్దనే కొనుచున్నది గాని, నేటికిని ఒక్కొక్కదానిని గిన్నెలో పగులగొట్టి, వాసన చూచి, ఆ తరువాతనే పెనము పెట్టును.